నా సంతకంతో ఊళ్ళు తిరిగిన కాగితం

ముప్పై ఏళ్ళకు పైగా, ఆఫీసుకు వెళ్ళగానే నేను చేసిన మొదటి పని ఇంక్యుబేటర్ తలుపు తెరవడం. మనిషి ఒంటి వేడితో రాత్రంతా కాచుకుని ఉన్న ఆ చిన్న పెట్టెలోంచి గాలి మొహానికి తగిలేది. పులిసిన పిండి వాసన, తడి మట్టి వాసన, కొన్ని రోజుల్లో ఎక్కడినుంచో మాగిన ద్రాక్షల వాసన. ద్రాక్షల వాసన వస్తే ఏ సూక్ష్మజీవి మొలిచిందో చూడకుండానే తెలిసిపోయేది. ముందురోజు సాయంత్రం ఖాళీగా పెట్టిన ప్లేట్ల మీద పొద్దునకల్లా ఒక లోకం పరుచుకుని ఉండేది. కొన్ని మంచు పట్టినట్టు, కొన్ని ముత్యాలు చల్లినట్టు. కిటికీలోంచి వచ్చే లేత ఎండలో వాటిని చూస్తూ నిలబడితే టీ చల్లారిపోయేది.

నేను పశువైద్యురాలిని. కానీ పశువుల దగ్గర కంటే వాటినుంచి వచ్చిన చుక్కల దగ్గరే ఎక్కువ కాలం గడిపాను. చిత్తూరులో పశువుల, కోళ్ళ జబ్బులను పరీక్ష చేసే ల్యాబ్‌లో నా ఉద్యోగం. పొదుగువాపు వచ్చిన ఆవు పాలు, చచ్చిపోయిన కోడి కాలేయం, మాంసం అంగడిలోంచి తెచ్చిన ముక్క, ఏది వచ్చినా మేము చెప్పాల్సింది రెండే. ఇందులో ఏ సూక్ష్మజీవి ఉంది, దాన్ని ఏ మందు చంపుతుంది.

రెండోది కంటికే కనిపిస్తుంది. సూక్ష్మజీవిని ప్లేటంతా పలచగా పూసి, ఒక్కో మందులో తడిపిన చిన్న కాగితం బిళ్ళలను దాని మీద పెడతాం. తెల్లారేసరికి ప్లేటంతా మసకగా కమ్ముకుని ఉంటుంది. పనిచేసే మందు చుట్టూ మాత్రం ఏమీ పెరగని శుభ్రమైన వలయం, చందమామకు వరదగుడి కట్టినట్టు. పనిచేయని మందుకు వలయం ఉండదు. సూక్ష్మజీవులు బిళ్ళ అంచుదాకా వచ్చి ఆనుకుని ఉంటాయి.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. యంత్రాల సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. ఫైళ్ళు, బదిలీలు ఎలాగూ అనుభవంలోకి వస్తాయి. నేను చెప్పదలచుకున్నది ఒక కోళ్ళ రైతు గురించి, అతని భార్య గురించి, నేను చేసిన ఒక తప్పు గురించి.

వెలుతురుకు ఎత్తి చూడడం

నా మొదటి పెద్దసారు సుబ్రమణ్యం గారు. నగరి దగ్గర నేతపని ఇంట్లో పుట్టినవారు. మగ్గం మీదినుంచి దింపిన గుడ్డలో తెగిన పోగు కోసం వెతికినట్టు, ప్లేటును కిటికీ వెలుతురుకు ఎత్తి నెమ్మదిగా తిప్పి చూసేవారు. నేను చేరిన వారంలో, స్కేలు పట్టుకుని వలయాల కొలతలు గబగబా రాసుకుంటుంటే, నా చేతిలోంచి స్కేలు తీసేసుకున్నారు.

"కొలిసేది తర్వాత. ముందు సూడమ్మా," అన్నారు.

"ఏం చూడాలి సార్?"

"వలయం లోపల సూడు. యాడన్నా ఒక్క చుక్క మొలిసి ఉండాదా? మందు పక్కనే కూర్చోని సావకుండా ఉండేది ఒక్కటుంటే సాలు. రేపు అదే ఊరవుతాది."

చూడడం నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. దానితో పాటు ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. "ప్లేటు చెప్పింది రాయి. మన మాట రాయొద్దు. సలహాలిచ్చేదానికి ఆసుపత్రుల్లో డాక్టర్లు ఉండారు," అనేవారు. అందుకని మా రిపోర్టులో అడుగున 'సూచనలు' అనే గడి ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. అది నిజాయితీ అని ఆయన నమ్మారు. నేనూ నమ్మాను. అందులో సగం నిజాయితీ అయితే సగం తప్పించుకోవడం అని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. మనకు నచ్చని అధికారి తప్పు చెబితే లోపల్లోపలైనా ఎదురు తిరుగుతాం. ఎంతో ఇష్టమైన అధికారి చెప్పినదాన్ని తిరగేసి చూడాలని కూడా అనిపించదు. నాకు జరిగింది అదే.

ఇంటి సంగతి కూడా కొంచెం చెప్పాలి. మాది తిరుపతిలో గుడి సేవలో ఉన్న కుటుంబం. ఉల్లిపాయ కూడా వండని ఇంటినుంచి వెళ్ళి నేను కోళ్ళ కడుపులు కోసేదాన్ని. సాయంత్రం బస్సు దిగి, పెరటి దారిన వెళ్ళి, స్నానం చేశాకే లోపలికి అడుగుపెట్టేదాన్ని. మా నాయన అప్పటికి పూలమొక్కల దగ్గర కూర్చుని ఉండేవారు. ఆయన ఒక్కరోజు కూడా నా ఉద్యోగాన్ని తప్పుపట్టలేదు. "ఈ పొద్దు ఏం మొలిసిందమ్మా నీ పళ్ళాల్లో?" అని అడిగేవారు. రంగు, ఆకారం, వాసన అన్నీ చెప్పించుకునేవారు. ఒకసారి మాత్రం, "ఏది దాన్ని సంపుతాదో రోజూ చెప్తావు. అది బతికేదానికి ఏం చేస్తా ఉండాదో ఎప్పుడూ చెప్పవే," అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆయనకు ఏం తెలుసులే అనుకున్నాను.

మునిరత్నం కోళ్ళు

మామిడి పూత మీద ఉన్న రోజుల్లో మునిరత్నం మొదటిసారి ల్యాబ్‌కు వచ్చాడు. చంద్రగిరికీ చిత్తూరుకూ మధ్య, తోటల వెనక రెండు షెడ్లు వేసి బ్రాయిలర్ కోళ్ళు పెంచుతున్నాడు. సంచిలో చచ్చిన కోళ్ళు తెచ్చి బల్ల పక్కన పెట్టి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు.

"మూడు దినాలుగా పోతా ఉండాయమ్మా. ఏ మందేసినా నిలబడలా. ఈ బ్యాచ్ పోతే నేను షెడ్డు మూసేసుకోవాల్సిందే."

కోసి చూస్తే గుండె మీద, కాలేయం మీద తెల్లటి పొర కప్పుకుని ఉంది. రెండు రోజుల తర్వాత ప్లేటు చూశాను. పెట్టిన బిళ్ళల్లో ఒక్కదానికే వలయం ఉంది. ఆ ఒక్కటీ విశాలంగా, అంచు గీసినట్టు, లోపల ఒక్క చుక్క కూడా లేకుండా ఉంది. అంత అందమైన వలయం నేను అరుదుగా చూశాను. ఆ మందు పేరు రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చాను. ఇక్కడ ఆ పేరు రాయను. అప్పుడు రాసి ఏం చేశానో చెప్పడానికే ఇదంతా.

కోళ్ళు నిలబడ్డాయి. ఎండలు ముదిరాక మునిరత్నం, అతని భార్య కాంతమ్మ గంపెడు బేనీషా పండ్లు తీసుకుని వచ్చారు. కాంతమ్మ గలగలా మాట్లాడే మనిషి. "మీరు రాసిచ్చిన మందు దేవుడి మందమ్మా," అంది. ఆ రోజంతా ల్యాబ్ మామిడిపండ్ల వాసనతో నిండిపోయింది. నేను చాలా సంతోషంగా ఉన్నాను. 'సూచనలు' గడి ఖాళీగా ఉందన్న ఆలోచనే రాలేదు. జబ్బు పడినప్పుడు మాత్రమే వాడాలని, ఎన్ని రోజులు వాడి ఆపాలో, కోళ్ళను అమ్మడానికి ఎన్నాళ్ళ ముందు మానాలో, వచ్చే బ్యాచ్‌కు మళ్ళీ అడగకుండా వేయకూడదని, అక్కడ నాలుగు వాక్యాలు రాసి ఉండాల్సింది.

వలయం సన్నబడిన ఏళ్ళు

ఆ తర్వాతి ఏళ్ళు ఇప్పుడు తలుచుకుంటే ఒకే పొడుగాటి ఉదయంలా అనిపిస్తాయి. అదే కిటికీ, అదే ఎండ, చేతిలో ప్లేటు. ఆ మందు చుట్టూ వలయం మాత్రం కొద్దికొద్దిగా లోపలికి జరుగుతూ వచ్చింది. ఏ ఒక్క రోజు చూసినా తేడా తెలియదు. ఒకనాడు వలయం లోపల ఒక చుక్క కనిపించింది. ఆవగింజలో సగం కూడా లేదు. తర్వాత ఇంకొన్ని. ఆ తర్వాత ఒక పొద్దున, మునిరత్నం ఊరి వైపునుంచి వచ్చిన కోళ్ళ ప్లేటులో వలయమే లేదు. బిళ్ళ చుట్టూ అంతా సమంగా, మెత్తగా, పొగమంచులా పెరిగి ఉంది.

మాంసం అంగళ్ళనుంచి తెచ్చిన ముక్కల్లో కూడా అదే కనిపించసాగింది. ఇక్కడ ఒక మాట. బాగా ఉడికితే ఈ సూక్ష్మజీవి చచ్చిపోతుంది. కూరలో లేదు భయం. పచ్చి మాంసం కోసిన కత్తితోనే ఉల్లిపాయ కోయడంలో ఉంది, కడగని చేతిలో ఉంది, కోళ్ళ పెంటలో, ఆ పెంట కలిసిన నీళ్ళలో ఉంది. దానికి జబ్బు చేసే గుణం ఒకటైతే, మందును తట్టుకునే గుణం ఇంకొకటి. ఈ రెండో గుణాన్ని అవి ఒకదానికొకటి ఇచ్చుకుంటాయి, పక్కింటికి తోడుపెట్టుకోవడానికి మజ్జిగ ఇచ్చినట్టు. మా నాయన అడిగినదానికి జవాబు అదే. ఆ జవాబు నాకు తెలిసేసరికి ఆయన లేరు.

ఇంతకాలం నేనేం చేశాను? కొలిచాను. రాశాను. పైకి పంపాను. మందు ఎందుకు ఓడిపోతోందో తెలుసుకోవడానికి ఒక్కసారి కూడా ఆ ఊరి బస్సెక్కలేదు. నాది ల్యాబ్ పని అనుకున్నాను.

కాంతమ్మ

తిరుపతిలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తున్న అరుణ నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి. ఒక మధ్యాహ్నం ఫోను చేసింది.

"మేడమ్, ఒకామెకు మూత్రపిండానికి ఇన్ఫెక్షన్ పాకింది. పది రోజులుగా జ్వరం. నోటితో మింగే మందు ఒక్కటీ పనిచేయడం లేదు. కోళ్ళ ఫారం ఉందంట. మీరొకసారి ప్లేటు చూస్తారా?"

వెళ్ళి చూశాను. ఎన్నో ఏళ్ళుగా ఎరిగిన మొహాన్ని కొత్త ఊళ్ళో చూసినట్టయింది. ఏ బిళ్ళకు వలయం లేదో, ఏ బిళ్ళకు సగం ఉందో, అంతా మునిరత్నం వైపునుంచి వచ్చే ప్లేట్ల పోలికే. పోలిక వేరు, రుజువు వేరు. కోళ్ళలోనుంచే ఆమెకు వచ్చిందని నేను నిరూపించలేను. ఇప్పటికీ నిరూపించలేను. కానీ వార్డు ముందు వరండాలో గోడకు ఆనుకుని నిలబడిన మనిషిని గుర్తుపట్టాను. మునిరత్నం.

"మీరేంది ఈడ, డాక్టరమ్మా?" అన్నాడు.

లోపల కాంతమ్మ కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. నన్ను గుర్తుపట్టింది కూడా లేదు. ఇక మిగిలింది గట్టి ఇంజెక్షను ఒక్కటే. అది ప్రాణాన్ని కాపాడొచ్చు, చెవులను దెబ్బతీయొచ్చు అని డాక్టర్లు ముందే చెప్పారు. మునిరత్నం సంతకం పెట్టాడు. పెట్టి, "సెవులదేముందమ్మా, మనిషి ఉంటే సాలు," అన్నాడు నాతో.

మనిషి దక్కింది. నెలన్నర తర్వాత నేను మొదటిసారి వాళ్ళ ఊరు వెళ్ళాను. కాంతమ్మ షెడ్డులో కోడిపిల్లల మధ్య కూర్చుని ఉంది. అప్పుడే తెచ్చి దించిన పిల్లలు, పసుపుముద్దల్లా, వందల కొద్దీ ఒక్కసారిగా అరుస్తున్నాయి. ఆమె వాటిని అద్దం అవతల ఉన్నట్టు చూస్తోంది.

"మగోళ్ళ మాట ఇనపడతాదమ్మా, గట్టిగా మాట్లాడితే," అంది. "సన్న గొంతులే ఇనపడవు. ఈ పిల్లలు నోర్లు తెరస్తా ఉండాయి, మూస్తా ఉండాయి. కల్లో సూసినట్టు ఉండాది."

నాదీ సన్న గొంతే, ఏమన్నా ఆమెకు వినపడేది కాదు.

మందుల అంగడి గోడ

బయటికి వచ్చాక మునిరత్నాన్ని అడిగాను. "ఆ మందు ఎప్పుడెప్పుడు వాడతావు?"

"ప్రతి బ్యాచ్‌కీ. పిల్లల్ని దించిన దినంనుంచే నీళ్ళల్లో కలిపేస్తాం. జబ్బు రాకముందే. కాంతమ్మే కలిపేది."

"అలా కలపమని ఎవరు చెప్పారు?"

అతను నావైపు ఆశ్చర్యంగా చూశాడు. నింద లేదు ఆ చూపులో. అందుకే ఇంకా కష్టంగా ఉంది. "మీరే గదమ్మా రాసిచ్చినారు. ఈ మందు ఒక్కటే పనిచేస్తాదని."

నన్ను బండి మీద ఎక్కించుకుని నాలుగు రోడ్ల దగ్గరున్న మందుల అంగడికి తీసుకుపోయాడు. లోపల గోడకు, దాణా క్యాలెండర్ పక్కన, ప్లాస్టిక్ తొడిగిన ఒక కాగితం అంటించి ఉంది. నా రిపోర్టు. జెరాక్స్‌కు జెరాక్స్ తీసి తీసి మునిరత్నం పేరు చెరిగిపోయింది. తేదీ చెరిగిపోయింది. ఏ జబ్బుకో, ఏ కోడికో తెలియడం లేదు. మందు పేరు, నా సంతకం మాత్రం నల్లగా నిలిచి ఉన్నాయి.

అంగడాయన లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. "మీరేనామ్మా ఆ డాక్టరమ్మ? శానా మందికి మేలు చేసింది మీ కాగితం. అడిగినోళ్ళకంతా ఒక జెరాక్స్ ఇస్తా ఉండాను. పాల ఆవులకీ దీన్నే అడగతారు."

ఎన్ని ఊళ్ళకు పోయిందో ఆయనకే తెలియదు. కింద ఖాళీగా ఉన్న గడి వైపు చూస్తూ నిలబడ్డాను. ఆ గడిని నోటిమాటతో నింపింది నేను కాదు, ఆయన. నేను వదిలేసిన చోట ఎవరో ఒకరు ఏదో ఒకటి చెబుతారు కదా. మోసం చేసినవాడెవడూ లేడు అక్కడ.

"దీన్ని తీసేయాలప్పా," అన్నాను. కాంతమ్మ సంగతి చెప్పాను. ప్లేట్ల సంగతి చెప్పాను. ఆయన గోడ మీది కాగితం వైపు తిరిగాడు.

"తీసేస్తానమ్మా. కానీ అందరికీ ఆ పేరు నోటికొచ్చేసింది. గోడ మీద లేకుంటే మాత్రం అడక్కుండా ఉంటారా?"

నిజమే చెప్పాడు. తర్వాత రెండేళ్ళు, సెలవు దొరికినప్పుడల్లా మునిరత్నం బండి వెనక కూర్చుని షెడ్డు షెడ్డుకూ తిరిగాను. కొందరు విన్నారు. కొందరు కాఫీ ఇచ్చి పంపారు. ఒకాయన, "అప్పుడు వాడమన్నారు, ఇప్పుడు వద్దంటారు, మీకే తెలీదు గదమ్మా," అన్నాడు. మనుషులకు చివరి ఆసరాగా ఉంచుకోవాల్సిన కొన్ని మందులను పశువులకు, కోళ్ళకు వాడకూడదని ప్రభుత్వం తర్వాత నిషేధించింది. మంచిదే. కానీ నిషేధం అంగడిదాకా వస్తుంది. షెడ్డులోకి ఎవరో ఒకరు నడిచి వెళ్ళాలి.

అప్పటినుంచి సూచనల గడి నింపకుండా నేను ఒక్క రిపోర్టూ ఇవ్వలేదు. తెలుగులో, నా చేతిరాతతో. కొత్త అధికారి ఒకరు అది పద్ధతి కాదన్నారు. కాదని నాకూ తెలుసు.

పరదాలు

నా ఉద్యోగంలో చివరి కార్తీకమాసం. వారంగా ముసురు. పొద్దున్నే మునిరత్నం ఫోను చేశాడు.

"కోళ్ళు నోరు తెరిసి ఎగబీలుస్తా ఉండాయమ్మా. కండ్లల్లో నీళ్ళు. నిన్న కొన్ని పోయినాయి. పక్క షెడ్లోళ్ళు మందెయ్యమంటా ఉండారు. డబ్బా ఇంట్లోనే ఉండాది. మీరు సెప్పేదాకా ముట్టుకోను. కానీ బిన్నా సెప్పండి, తడవైతే అన్నీ పోతాయి."

కోళ్ళను పంపమనకుండా నేనే బయలుదేరాను. కొండలు కనిపించడం లేదు. దారి పొడుగునా మామిడి తోటలు నీళ్ళలో మునిగిన నీడల్లా ఉన్నాయి. షెడ్డుకు నాలుగు వైపులా పరదాలు దించేసి ఉన్నాయి. లోపలికి అడుగుపెట్టగానే కళ్ళు భగ్గుమన్నాయి, గొంతు పట్టేసింది. లోపలంతా తెల్లటి ఆవిరి. ఆ ఆవిరిలో వేల కోళ్ళు కదలకుండా, ఒక మబ్బు దిగి నేల మీద కూర్చున్నట్టు ఉన్నాయి.

"పరదాలు దించి ఎన్నాళ్ళయింది?"

"ఆరు దినాలు. జల్లు కొడతా ఉండాదని."

కింద పరిచిన వేరుశెనగ కాయల పొట్టు కాలితో కదిపాను. తడిసి ముద్దయి ఉంది. ఆ తడిలో పెంట కుళ్ళి పుట్టిన ఘాటు అది. నా కళ్ళలోనూ నీళ్ళు కారుతున్నాయి. చచ్చిన కోళ్ళనుంచి పరీక్షకు కావాల్సింది తీసుకున్నాను. ప్లేటు జవాబు చెప్పడానికి రెండు రోజులు పడుతుంది. అంతవరకు చేయాల్సింది నా కళ్ళే చెబుతున్నాయి.

"పరదాలు ఎత్తు."

"సలికి పోతాయేమోనమ్మా."

"గాలి కొట్టే వైపు ఉంచు. కొండ వైపు ఎత్తు."

అతను కదల్లేదు. నా మాట తప్పయితే పోయేది అతని బ్యాచ్, నాది కాదు. ఆ మాట అతను అనలేదు, నాకు తెలుసు. కాంతమ్మ మా మాటలు ఎంతవరకు విన్నదో ఏమో, మా మొహాలు ఒకసారి చూసి, వెళ్ళి తాడు విప్పింది. పరదా మడతలు పడుతూ పైకి లేచింది. తడిసిన ఆకుల వాసనతో చల్లగాలి లోపలికి వచ్చింది. ముందు వరుస కోళ్ళు తలలెత్తాయి. కాసేపటికి వాటి వెనకవి. ఒక తెల్లటి అల షెడ్డు పొడుగునా మెల్లగా లేచినట్టు కనిపించింది.

మధ్యాహ్నం దాకా ముగ్గురం తడి పొట్టు ఎత్తి బయట పోశాం. పొడి పొట్టు పరిచాం. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని నేను పార పట్టుకుంటే మునిరత్నం వద్దన్నాడు. నేను వినలేదు. ఆ పని ఇరవై ఏళ్ళ ముందు చేసి ఉండాల్సింది.

మరుసటి రోజు ఫోను చేసి, ఇంకా కొన్ని పోయాయని చెప్పాడు. "డబ్బా దాకా మూడుసార్లు పోయొచ్చినానమ్మా," అన్నాడు. "ఇంకొక్క రోజు," అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా గొంతు నాకే నమ్మకంగా వినిపించలేదు.

మూడో రోజు పొద్దున, ప్లేటు కోసం ఇంక్యుబేటర్ తలుపు తెరవకముందే ఫోను మోగింది. ఈసారి కాంతమ్మ.

"ఈ పొద్దు ఒక్కటీ పోలేదమ్మా," అంది. "అన్నీ తిరగతా ఉండాయి, మేస్తా ఉండాయి. ఫోన్లో మీరేమంటారో నాకు ఇనపడదు. అందుకే సెప్పేసి పెట్టేస్తా ఉండాను."

పెట్టేసింది. అయినా నేను ఫోను చెవి దగ్గరే ఉంచుకుని, "మంచిది కాంతమ్మా," అని రెండుసార్లు అన్నాను.